నార్మన్ గ్రెగ్

సర్ నార్మన్ మెక్‌అలిస్టర్ గ్రెగ్ (మార్చి 7, 1892 - జూలై 27, 1966) ప్రముఖ ఆస్ట్రేలియా నేత్రవైద్యుడు. గర్భిణి స్త్రీకి తొలి నెలలలో రుబెల్లా వ్యాధి సోకినట్లయితే ఆ వ్యాధి గర్భస్థ శిశువుకు సంక్రమించి పుట్టుకతోనే కంటి శుక్లాలు, గుండె లోపాలు కలిగిస్తుందని 1941లో మొట్టమొదట వెల్లడించినది ఇతడే. తల్లికి వచ్చిన వైరస్ వ్యాధి మాయను దాటి లోపలి బిడ్డ అవయవ నిర్మాణాన్ని దెబ్బతీయగలదని వైద్యలోకానికి తెలిసింది ఈ పరిశీలన వల్లనే. నేడు గర్భిణులకు చేసే రుబెల్లా రక్తపరీక్షలకు, బాలబాలికలకు ఇచ్చే రుబెల్లా టీకాకు మూలం గ్రెగ్ కృషిలోనే ఉంది.

బాల్యము, విద్యాభ్యాసము

గ్రెగ్ ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రములో, సిడ్నీ నగరానికి చెందిన బర్‌వుడ్ అనే ప్రాంతములో జన్మించాడు. సిడ్నీ గ్రామర్ స్కూలులో చదివి, తరువాత సిడ్నీ విశ్వవిద్యాలయములో వైద్యవిద్య అభ్యసించాడు. 1915లో ప్రథమ శ్రేణి గౌరవాలతో పట్టభద్రుడయ్యాడు. చదువుతో పాటు ఆటలలో కూడా మంచి పేరు తెచ్చుకున్నాడు. క్రికెట్, టెన్నిస్ క్రీడలలో న్యూ సౌత్ వేల్స్ తరఫున ఆడాడు.

యుద్ధ సేవ

పట్టా చేతికి వచ్చేనాటికి మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతున్నది. గ్రెగ్ ఇంగ్లండుకు వెళ్ళి బ్రిటిషు సైన్యపు వైద్య దళమైన రాయల్ ఆర్మీ మెడికల్ కోర్‌లో చేరి ఫ్రాన్సు యుద్ధరంగములో పనిచేశాడు. అక్కడ చూపిన ధైర్యసాహసాలకు గుర్తింపుగా ఇతనికి మిలిటరీ క్రాస్ పతకం లభించింది. యుద్ధానంతరం సిడ్నీకి తిరిగివచ్చి రాయల్ ప్రిన్స్ ఆల్ఫ్రెడ్ ఆసుపత్రిలో కొంతకాలం పనిచేశాడు. ఆ పిమ్మట కంటి వైద్యములో ప్రత్యేక శిక్షణ కొరకు మళ్ళీ ఇంగ్లండు వెళ్ళి, లండనులోని మూర్‌ఫీల్డ్స్ కంటి ఆసుపత్రి మొదలైన చోట్ల పనిచేసి 1922లో నేత్రవైద్యములో డిప్లొమా పొందాడు.

నేత్రవైద్యునిగా

1923లో గ్రెగ్ సిడ్నీలో స్థిరపడి, పేరున్న వైద్యుల గదులన్నీ ఉండే మక్వారీ వీధిలో సొంతంగా వైద్యం ప్రారంభించాడు. అదే సంవత్సరం హేడీ కార్సన్‌ను వివాహమాడాడు. వీరికి ఇద్దరు కుమార్తెలు. రాయల్ ప్రిన్స్ ఆల్ఫ్రెడ్ ఆసుపత్రిలోను, పిల్లల ఆసుపత్రి అయిన రాయల్ అలెగ్జాండ్రా ఆసుపత్రిలోను ఇతడు నేత్ర శస్త్రవైద్యునిగా సేవలందించాడు. పిల్లల ఆసుపత్రిలో గడిపిన ఏళ్ళలో పసివారి కళ్ళను పరీక్షించడములో ఇతనికి విశేష అనుభవం కలిగింది. సాధారణంగా పుట్టుకతో వచ్చే శుక్లం ఎలా ఉంటుందో బాగా ఎరిగినవాడు కనుకనే, తరువాతి కాలములో అసాధారణమైన శుక్లం కంటబడగానే దానిని గుర్తించగలిగాడు.

1941 నాటి పరిశీలన

రెండవ ప్రపంచ యుద్ధం మొదలైన తరువాత ఆస్ట్రేలియాలో యువకులు పెద్ద సంఖ్యలో సైనిక శిబిరాలకు చేరారు. 1940లో రుబెల్లా అంటువ్యాధి దేశమంతటా తీవ్రంగా ప్రబలింది. శిబిరాలలో సోకిన వ్యాధి సెలవుపై ఇళ్ళకు వచ్చిన సైనికుల ద్వారా కుటుంబాలకు కూడా పాకింది. ఆ రోజులలో రుబెల్లాను ఎవరూ పెద్ద జబ్బుగా లెక్కించేవారు కాదు. కొద్దిపాటి జ్వరం, మెడ వెనుక బిళ్ళలు కట్టడం, రెండు మూడు రోజులు ఒంటిపై సన్నని ఎర్రని దద్దుర్లు, అంతటితో సరి. చాలామంది వైద్యుని వద్దకు కూడా వెళ్ళేవారు కాదు.

1941 మొదటి నెలలలో గ్రెగ్ వద్దకు కంటి శుక్లాలు ఉన్న పసిబిడ్డలను ఒకరి తరువాత ఒకరు తీసుకురాసాగారు. పుట్టుకతో వచ్చే శుక్లం అరుదైనది. అటువంటిది కొద్ది కాలములోనే ఇందరు రావడం ఇతనికి వింతగా తోచింది. శుక్లం రూపం కూడా వేరుగా ఉంది. కంటి కటకం నడిమి భాగములో దట్టమైన తెల్లని పొర, చాలామందిలో రెండు కళ్ళలోను కనిపించేది. కంటిపాప విప్పారడానికి వేసే అట్రోపిన్ మందుకు ఈ కళ్ళు సరిగా స్పందించేవి కావు. కొందరిలో కనుగుడ్డు పరిమాణమే చిన్నదిగా ఉండేది. ఆ బిడ్డలు బలహీనంగా, బరువు తక్కువగా ఉండి, పాలు త్రాగడానికే ఆయాసపడేవారు. సగానికి పైగా బిడ్డలలో గుండె జబ్బు ఉన్నట్లు తేలింది.

అప్పటి వైద్యగ్రంథాల ప్రకారం పుట్టుకతో వచ్చే శుక్లం వంశపారంపర్యమైనది. కాని ఈ కుటుంబాలలో పూర్వం ఎవరికీ అటువంటి లోపం లేదు. పైగా వారు ఒక ఊరివారు కాదు, ఒకరికొకరు బంధువులు కారు. కనుక అందరికీ సమానమైన కారణం ఏదో బయటి నుండి వచ్చి ఉండాలని గ్రెగ్ భావించాడు. బిడ్డల పుట్టిన తేదీల నుండి వెనుకకు లెక్కించి చూడగా, తల్లుల గర్భధారణ తొలి నెలలు 1940లో రుబెల్లా ముమ్మరంగా ఉన్న కాలముతో సరిపోయాయి. తల్లులను విచారించగా గర్భం తొలినాళ్ళలో తమకు రుబెల్లా వచ్చిందని చాలామంది తెలిపారు.

ఈ ఆవిష్కరణ గురించి ఒక కథనం ప్రచారములో ఉంది. గ్రెగ్ వైద్యశాల ముందుగదిలో కూర్చున్న ఇద్దరు తల్లులు గర్భవతులుగా ఉన్నప్పుడు తమకు రుబెల్లా వచ్చిందని మాట్లాడుకోవడం ఆయన చెవిన పడిందనీ, ఆలోచన అక్కడ మొదలైందనీ అంటారు. ఏది ఏమైనా తల్లులు చెప్పిన మాటను తోసిపుచ్చక, దానిని లెక్కలతో సరిచూసుకోవడం గ్రెగ్ ప్రత్యేకత.

మెల్‌బోర్న్ పత్రము

గ్రెగ్ తన రోగులతో ఆగలేదు. ఇతర రాష్ట్రాల నేత్రవైద్యులకు కూడా విషయం తెలిపి, వారి వద్దకు వచ్చిన ఇటువంటి బిడ్డల వివరాలు సేకరించాడు. మొత్తం 78 మంది బిడ్డల సమాచారం సమకూడింది. వారిలో 68 మంది తల్లులకు గర్భవతులుగా ఉన్నప్పుడు రుబెల్లా వచ్చినట్లు తెలిసింది. అధిక భాగం మొదటి రెండు నెలలలోపే, కొందరికి గర్భం వచ్చినట్లు తెలియక ముందే వ్యాధి సోకింది. మరణించిన బిడ్డలకు జరిపిన శవపరీక్షలలో, పుట్టిన తరువాత మూసుకుపోవలసిన డక్టస్ ఆర్టీరియోసస్ అనే రక్తనాళం తెరుచుకునే ఉన్నట్లు కనబడింది.

1941 అక్టోబరు 15న మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియా నేత్రవైద్య సంఘపు సమావేశములో గ్రెగ్ ఈ విషయంపై పత్రం సమర్పించాడు. అది అదే సంవత్సరం ఆ సంఘపు సంచికలో అచ్చయింది. వార్తాపత్రికలలో ఈ సంగతి వచ్చిన తరువాత, తమ బిడ్డలకు కళ్ళు బాగున్నా చెవులు వినబడడం లేదని మరికొందరు తల్లులు ముందుకు వచ్చారు. దానితో పుట్టుచెవుడు కూడా రుబెల్లా ఫలితమేనని తేలింది. నిజానికి ఈ వ్యాధి వల్ల కలిగే లోపాలలో చెవుడే అత్యంత సాధారణమైనది. బిడ్డ మాటలు నేర్చే వయసు వచ్చే వరకు బయటపడనందున అది మొదటి పత్రములో చేరలేదు.

సందేహాలు, నిర్ధారణ

గ్రెగ్ వాదనను అందరూ వెంటనే ఒప్పుకోలేదు. 1943లో అడిలైడ్‌కు చెందిన చార్లెస్ స్వాన్, అతని సహచరులు స్వతంత్రంగా విచారణ జరిపి గ్రెగ్ మాటను బలపరిచారు. అయినా 1944లో లండను నుండి వెలువడే లాన్సెట్ పత్రిక, విషయం ఇంకా నిరూపితం కాలేదని సంపాదకీయములో అభిప్రాయపడింది. ఈ సందేహానికి కొంత ఆధారం లేకపోలేదు. గ్రెగ్, స్వాన్ ఇద్దరూ లోపం ఉన్న బిడ్డలతో మొదలుపెట్టి వారి తల్లులను విచారించారు. రుబెల్లా వచ్చినా ఆరోగ్యవంతులైన బిడ్డలను కన్న తల్లులు ఎందరో ఈ పద్ధతిలో తెలియదు. పైగా రుబెల్లా వైరస్‌ను అప్పటికి ఎవరూ వేరుచేయలేదు, రక్తపరీక్ష లేదు.

1951లో సిడ్నీకి చెందిన గణాంక శాస్త్రవేత్త ఆలివర్ లాంకస్టర్ మరొక మార్గములో సాక్ష్యం చూపించాడు. ఆస్ట్రేలియా జనాభా లెక్కలలోను, బధిరుల పాఠశాలల పట్టికలలోను ఉన్న పుట్టిన సంవత్సరాలను పరిశీలించగా, కొన్ని సంవత్సరాలలో పుట్టినవారిలో చెవిటివారు అసాధారణంగా ఎక్కువగా ఉన్నారు. 1899 ప్రాంతములో కూడా అటువంటి పెరుగుదల ఉంది. అవి రుబెల్లా ప్రబలిన కాలాలతో సరిపోయాయి. అంటే నలభై ఏళ్ళకు ముందే ఇదే విపత్తు జరిగినా ఎవరూ గుర్తించలేదన్నమాట.

జీన్ టియర్నీ ఉదంతము

ఈ వ్యాధి కలిగించే దుఃఖాన్ని లోకానికి తెలిపిన సంఘటనలలో హాలీవుడ్ నటి జీన్ టియర్నీ ఉదంతం ఒకటి. 1943లో ఆమె గర్భవతిగా ఉండగా, సైనికుల వినోదం కొరకు నడిపే హాలీవుడ్ కాంటీన్‌కు వెళ్ళింది. కొద్ది రోజులకే ఆమెకు రుబెల్లా సోకింది. గ్రెగ్ పత్రం సమర్పించిన దినానికి సరిగ్గా రెండేళ్ళకు, 1943 అక్టోబరు 15న, ఆమెకు నెలలు నిండకుండానే కుమార్తె పుట్టింది. ఆ బిడ్డకు చెవుడు, కంటి శుక్లాలు, తీవ్రమైన మానసిక వైకల్యం కలిగాయి. చాలాకాలం తరువాత ఒక అభిమాని టియర్నీని కలిసి, ఆ రోజున తాను రుబెల్లాతో ఉండి కూడా, బయటకు వెళ్ళరాదన్న నియమాన్ని దాటి ఆమెను చూడడానికి వచ్చానని చెప్పింది. ఈ సంగతిని టియర్నీ 1979లో వెలువడిన తన ఆత్మకథలో తెలిపింది. ఆమె ఏళ్ళ తరబడి తీవ్రమైన మానసిక వ్యధతో ఆసుపత్రులలో గడపవలసి వచ్చింది. అగాథా క్రిస్టీ 1962లో వ్రాసిన ఒక అపరాధ పరిశోధన నవలకు ఈ ఘటనే ప్రేరణ అని పలువురు భావిస్తారు.

వైరస్, రక్తపరీక్ష, టీకా

1962లో అమెరికాలో రెండు బృందాలు విడివిడిగా రుబెల్లా వైరస్‌ను వేరుచేశాయి. ఒకటి బోస్టన్‌లో థామస్ వెల్లర్, ఫ్రాంక్లిన్ నెవాలది. రెండవది వాల్టర్ రీడ్ సైనిక పరిశోధన సంస్థలో పాల్ పార్క్‌మన్, ఎడ్వర్డ్ బ్యూషర్, మాల్కం ఆర్టెన్‌స్టీన్‌లది. గ్రెగ్ తన జీవితకాలములోనే తన వాదన ప్రయోగశాలలో రుజువు కావడం చూడగలిగాడు.

1964-65లో అమెరికాలో రుబెల్లా పెద్దఎత్తున ప్రబలింది. సుమారు 1 కోటి 25 లక్షల మందికి వ్యాధి సోకిందనీ, 20,000 మంది బిడ్డలు లోపాలతో పుట్టారనీ అంచనా. దీనితో రక్తపరీక్ష, టీకాల కొరకు పరిశోధన ముమ్మరమైంది. 1967లో రక్తములోని ప్రతిరక్షకాలను సులభంగా కొలిచే పరీక్ష వెలువడింది. 1969లో అమెరికాలో మొదటి టీకాకు అనుమతి లభించింది. స్టాన్లీ ప్లాట్కిన్ రూపొందించిన ఆర్‌ఏ 27/3 అనే టీకా రకం తరువాతి కాలములో ప్రపంచములోని అత్యధిక దేశాలలో వాడుకలోకి వచ్చింది. ఆస్ట్రేలియాలో 1971 నుండి పాఠశాల బాలికలకు టీకా ఇవ్వడం మొదలైంది. 2018లో ఆ దేశం రుబెల్లాను నిర్మూలించినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది. అమెరికా ఖండాలు అంతకు ముందే, 2015లో ఈ స్థితికి చేరాయి.

గర్భస్థ శిశువు పరీక్షలు

గ్రెగ్ కాలములో తల్లి ఒంటిపై దద్దుర్లే ఏకైక ఆధారం. కాని దద్దుర్లు చాలా జబ్బులలో వస్తాయి. రుబెల్లా సోకినవారిలో చాలామందికి దద్దుర్లు రావు కూడా. రక్తపరీక్ష ద్వారా నిర్ధారించిన తరువాతనే ప్రమాదం ఎంతో సరిగా తెలిసింది. మొదటి 12 వారాలలో తల్లికి దద్దుర్లతో కూడిన రుబెల్లా సోకితే ఎనభై శాతానికి పైగా సందర్భాలలో వైరస్ శిశువును చేరుతుంది. ఆ దశలో కన్ను, గుండె, చెవి రూపుదిద్దుకుంటూ ఉంటాయి కనుక నష్టం ఎక్కువ. 16 వారాల తరువాత సోకితే ముఖ్యంగా చెవుడు రావచ్చు. 20 వారాలు దాటితే లోపాలు అరుదు.

పరీక్షలు ఈ క్రింది క్రమములో జరుగుతాయి.

* తల్లి రక్తములో ఐజీజీ ప్రతిరక్షకాలు: ఇవి గర్భానికి ముందే ఉన్నట్లయితే పూర్వం వ్యాధి వచ్చిందని లేదా టీకా పనిచేసిందని అర్థం. అటువంటి తల్లికి సాధారణంగా భయం లేదు.
* ఐజీఎం ప్రతిరక్షకాలు: ఇవి కొత్తగా సోకిన వ్యాధికి సూచన. అయితే ఇతర కారణాల వల్ల కూడా ఈ పరీక్ష తప్పుగా ఉన్నట్లు చూపవచ్చు. కొందరిలో వ్యాధి తగ్గిన నెలల తరువాత కూడా ఇవి మిగిలి ఉంటాయి. కనుక ఈ ఒక్క ఫలితాన్ని బట్టి నిర్ణయం తీసుకొనరాదు.
* జంట పరీక్ష: రెండు మూడు వారాల ఎడంతో రెండుమార్లు రక్తం తీసి ఐజీజీ ఎంత పెరిగిందో చూస్తారు. ప్రతిరక్షకాలు వైరస్‌ను ఎంత గట్టిగా పట్టుకుంటాయో కొలిచే అవిడిటీ పరీక్ష వల్ల వ్యాధి కొత్తదో పాతదో తెలుస్తుంది.
* ఉమ్మనీటి పరీక్ష: తల్లికి వ్యాధి నిర్ధారణ అయినప్పుడు, కొన్ని వారాలు ఆగి, సన్నని సూదితో ఉమ్మనీరు తీసి పి.సి.ఆర్ పద్ధతిలో వైరస్ కొరకు వెదుకుతారు. దీనిలో స్వల్పంగా గర్భస్రావ ప్రమాదం ఉంది.
* శిశువు రక్తపరీక్ష: బొడ్డుతాడు నుండి రక్తం తీసి ఐజీఎం చూస్తారు. శిశువు తన సొంత ప్రతిరక్షకాలను తగినంతగా తయారుచేసుకోవడానికి 22 వారాల వరకు పడుతుంది కనుక అంతకు ముందు చేసిన పరీక్ష నమ్మదగినది కాదు.

ఈ పరీక్షలు శిశువుకు వైరస్ సోకిందో లేదో చెప్పగలవు గాని, లోపం ఎంత తీవ్రంగా ఉంటుందో చెప్పలేవు. కడుపులోని బిడ్డను ఈ వైరస్ నుండి కాపాడే మందు లేదు. అందువల్ల గర్భం ధరించక ముందే టీకా వేయించుకోవడం ఉత్తమం. ఇది జీవించి ఉన్న వైరస్‌తో చేసిన టీకా కనుక గర్భిణులకు ఇవ్వరు. టీకా తరువాత ఒక నెల వరకు గర్భం ధరించకుండా ఉండాలని వైద్యులు సూచిస్తారు.

టాక్సోప్లాస్మా, రుబెల్లా, సైటోమెగలో వైరస్, హెర్పిస్ మొదలైన వాటికి కలిపి చేసే పరీక్షల సముదాయాన్ని టార్చ్ పరీక్ష అంటారు. వీటిలో టాక్సోప్లాస్మా వైరస్ కాదు, పరాన్నజీవి. టీకాలు బాగా అమలైన దేశాలలో నేడు తల్లి నుండి శిశువుకు చేరే వైరస్‌లలో సైటోమెగలో వైరస్ మొదటి స్థానములో ఉంది.

భారతదేశములో, తెలుగునాట

రుబెల్లా అనే పేరుకు భారతదేశముతో సంబంధం ఉంది. 1866లో హెన్రీ వీల్ అనే బ్రిటిషు సైనిక వైద్యుడు భారతదేశములో వ్యాపించిన అంటువ్యాధిని వర్ణిస్తూ ఈ పేరు పెట్టాడు. లాటిన్ భాషలో దీనికి చిన్న ఎరుపు అని అర్థం. అయినా ఇక్కడ దాని వల్ల పుట్టే బిడ్డల లోపాలపై చాలాకాలం శ్రద్ధ కలుగలేదు. తమిళనాడులోని మదురైలో జరిగి 1996లో ప్రచురితమైన ఒక అధ్యయనములో, శుక్లాలు ఉన్న ఏడాదిలోపు శిశువులలో దాదాపు నాలుగవ వంతు మందికి రుబెల్లాయే కారణమని తేలింది. 55 ఏళ్ళకు ముందు గ్రెగ్ చూసినటువంటి బిడ్డలే దక్షిణ భారతములోను పుడుతూ ఉన్నారని దీనివల్ల స్పష్టమైంది.

భారత ప్రభుత్వం 2017 ఫిబ్రవరిలో తట్టు-రుబెల్లా టీకా కార్యక్రమం ప్రారంభించింది. తమిళనాడు, కర్ణాటక మొదలైనవి మొదటి విడతలో చేరగా, ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలు అదే సంవత్సరం ఆగస్టులో రెండవ విడతలో చేరాయి. 9 నెలల నుండి 15 ఏళ్ళ లోపు బాలబాలికలకు పాఠశాలలలోను, అంగన్‌వాడీ కేంద్రాలలోను టీకాలు వేశారు. ఆ తరువాత ఇది చిన్నపిల్లల సాధారణ టీకాలలో భాగమై, 9-12 నెలల మధ్య ఒకసారి, 16-24 నెలల మధ్య మరొకసారి ఇవ్వబడుతున్నది. ఆ వయోపరిమితి దాటి అప్పటికే పెద్దవారైన యువతులకు ఈ కార్యక్రమములో టీకా అందలేదు కనుక వారి విషయములో రక్తపరీక్షకు ప్రాధాన్యం ఉంది.

హైదరాబాదులోని జూబ్లీ హిల్స్, బంజారా హిల్స్ వంటి ప్రాంతాల పెద్ద ఆసుపత్రులలో గర్భస్థ శిశు వైద్య విభాగాలు ఉన్నాయి. ఉమ్మనీటి పరీక్ష వంటివి 1994 నాటి గర్భస్థ పిండ లింగ నిర్ధారణ నిషేధ చట్టానికి లోబడి, నమోదైన కేంద్రాలలోనే జరగాలి. తల్లికి శిశువును దెబ్బతీసే అంటువ్యాధి సోకడం ఆ చట్టం అనుమతించే కారణాలలో ఒకటి. శిశువు లింగం తెలుపడం మాత్రం నేరం.

గౌరవాలు, చివరి దినాలు

గ్రెగ్ కృషికి స్వదేశములోను, విదేశాలలోను అనేక గౌరవాలు లభించాయి. 1953లో బ్రిటిషు ప్రభుత్వం ఇతనికి సర్ బిరుదునిచ్చింది. విశ్వవిద్యాలయాలు గౌరవ పట్టాలు ప్రదానం చేశాయి. ఇంత పేరు వచ్చినా గ్రెగ్ నిరాడంబరంగా నేత్రవైద్యుడిగానే కొనసాగాడు. 1966 జూలై 27న సిడ్నీలో మరణించాడు. మొదటి టీకా వాడుకలోకి రావడానికి అప్పటికి ఇంకా మూడేళ్ళు ఉంది.

గ్రెగ్ మరణానంతరం 1967లో మార్గరెట్ మెన్సర్, ఆమె సహచరులు 1940 ప్రాంతములో రుబెల్లా లోపాలతో పుట్టిన 50 మందిని 25 ఏళ్ళ తరువాత వెదికి పరిశీలించారు. దాదాపు అందరికీ చెవుడు ఉంది, సగం మందికి కంటి లోపాలున్నాయి. అయినా వారిలో అత్యధికులు ఉద్యోగాలు చేసుకుంటూ, కొందరు వివాహాలు చేసుకుని, సమాజములో స్థిరపడి ఉన్నారు. ఇటువంటి బిడ్డలకు భవిష్యత్తు లేదన్న అభిప్రాయం సరికాదని ఈ పరిశీలన చూపించింది.

ప్రాముఖ్యత

గ్రెగ్‌కు ముందు మాయ శిశువుకు చెక్కుచెదరని రక్షణ కవచమని వైద్యులు నమ్మేవారు. ఆ నమ్మకం సడలిన తరువాతనే గర్భిణి వాడే మందులు, ఆమెకు వచ్చే వ్యాధులు బిడ్డపై ఎటువంటి ప్రభావం చూపుతాయో పరిశీలించడం మొదలైంది. 1961లో థాలిడోమైడ్ మందు వల్ల బిడ్డలకు కలుగుతున్న అంగవైకల్యాన్ని గుర్తించి హెచ్చరించినవారిలో ఒకరైన విలియం మెక్‌బ్రైడ్ కూడా సిడ్నీ వైద్యుడే. 2015లో బ్రెజిల్‌లో జికా వైరస్ వల్ల చిన్న తలలతో బిడ్డలు పుట్టినప్పుడు పరిశోధకులు అనుసరించిన మార్గం, అనగా బిడ్డల లోపాల నుండి వెనుకకు లెక్కించి తల్లుల వ్యాధిని గుర్తించడం, గ్రెగ్ చూపినదే.

ఇవి కూడా చూడండి

* రుబెల్లా
* తట్టు
* శుక్లం
* టీకా
* గర్భం